జెండాల సారు

ధర్మవరం బస్టాండులో పెనుకొండ బస్సు కోసం నిలబడి ఉన్నాను. నా వెనక బెంచీ మీద ఇద్దరు కండక్టర్లు టీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు.

"జెండాలాయప్ప పోయినాడంట గదబ్బా."

"ఏ జెండాలాయప్ప?"

"హిందూపురం సర్వీసులో చేసి రిటైరాయె సూడు. ఆదివారమొస్తే కుంటోళ్ళ ఆటలకు పోతాండె, సంచిలో జెండాలు పెట్టుకోని."

"ఓ, ఆయప్పా. ఎప్పుడు?"

"నాలుగు దినాలాయ. నిద్దర్లోనే పోయినాడంట."

"గొంతంటే ఆయప్పది గొంతప్పా. ఈడ హోల్డాన్ అంటే బత్తలపల్లిలో బస్సు నిలిచిపోతాండె."

ఇద్దరూ నవ్వుకున్నారు. గ్లాసులు పక్కన పెట్టి ఎవరి బస్సు వైపు వాళ్ళు వెళ్ళిపోయారు. కుంటోళ్ళు అనే మాట ఆయన చెవిన పడితే ఊరుకునేవాడు కాదు. "వాళ్ళకి పేర్లు ల్యావా?" అని అడిగేవాడు. వెనక్కి తిరిగి ఆ మాట నేను అడగవచ్చు. అడగలేదు. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. తరువాతది కూడా వెళ్ళిపోయింది.

ఎనిమిదో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఆయన గురించి చాలా పేజీలు ఉన్నాయి. ఒక్క రోజు పేజీలో మాత్రం ఒకే వాక్యం ఉంది: "ఈరోజు ఎండ ఎక్కువ." మూడేళ్ళుగా ఆ పేజీ అట్లాగే ఉంది. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆయన ఎట్లాంటి మనిషో చెప్పాలి.

హిందూపురంలో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా వికలాంగుల ఆటల పోటీలకు వాలంటీర్లుగా మా కాలేజీ నుంచి ఇరవై మందిని పంపారు. మధ్యాహ్నానికి అందరూ సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోయారు. నేను మిగిలాను. సేవాభావం ఏమీ కాదు. వెళ్ళిపోతానని ఎవరిని అడగాలో తెలియక, అడగడానికి సిగ్గుపడి ఉండిపోయాను.

గ్రౌండు చివర లాంగ్‌జంప్ ఇసుక గుంట దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు. భుజాన కండక్టర్ల తోలు సంచి, చెవి మీద పెన్ను. ఒక చేతిలో ఎర్ర జెండా, ఒక చేతిలో తెల్ల జెండా. రెండూ ఇస్త్రీ మడతతో నిలబడి ఉన్నాయి. ఆ జెండాలు ఎవరికీ ఇచ్చేవాడు కాదు, ఇంట్లో తనే ఉతికి ఇస్త్రీ చేసుకుని తెచ్చేవాడు.

"ఏం పేరు పాపా?"

చెప్పాను.

"ఏందీ?"

మళ్ళీ చెప్పాను.

"నా సర్వీసులో టికెట్ ల్యాకుండా దొరికినోళ్ళు కూడా ఇంతకన్నా గట్టిగా మాట్లాడినారమ్మా. రా, ఈ టేపు కొస పట్టుకో."

ఆ టేపు కొస పట్టుకుని రెండేళ్ళు ఆయన వెంట తిరిగాను.

చూపులేని పిల్లల లాంగ్‌జంప్‌కి మామూలు సన్నని పలక ఉండదు. మీటరు వెడల్పున నేల మీద ముగ్గుపిండి చల్లుతారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి ఆ పిండిలో ఎక్కడ కాలు వేసి లేస్తే అక్కడి నుంచి కొలుస్తారు. కొలత అయ్యాక ఆయన టేపు మీద బొటనవేలి గోరు ఆనించి మూడుసార్లు చదివేవాడు. మొదట దూకిన పిల్లకి, తరువాత పోటీలో ఉన్న మిగతా పిల్లలకి, ఆఖరున కాగితం మీద రాసేవాళ్ళకి. రాసేవాళ్ళు విసుక్కుంటే, "ముందు దుంకినోళ్ళకు తెలియాల. కాగితానికి తొందరేముండాది?" అనేవాడు.

ఇంకొక పని చేసేవాడు. అది నేను మరే గ్రౌండులోనూ చూడలేదు. దూకిన పిల్లను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి, వంగోబెట్టి, ముగ్గుపిండిలో పడిన ఆ పిల్ల పాదం గుర్తును ఆ పిల్లచేతే తాకించేవాడు. "ఇదో, ఈడ లేసినావు నువ్వు. వేళ్ళు ఈడ. మడమ ఈడ." ఫౌల్ అయితే తప్పకుండా తాకించేవాడు. పిండి దాటి మట్టిలో పడిన అడుగును ఆ పిల్ల వేళ్ళతో తడిమి చూసుకుని, "అవును సార్, దాటేసినా" అన్నాకే ఎర్ర జెండా ఎత్తేవాడు. ఎందుకింత సేపు అని ఒక మాస్టారు అడిగితే, "మీకైతే కండ్లతో చూపించి ఫౌల్ అంటా. వాళ్ళు నా మాట నమ్మి ఊరికే పోవాల్నా?" అన్నాడు.

అయ్యో అన్నవాళ్ళను దగ్గర నిలబడనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒక పెద్దాయన పూలదండ వేయించుకుని ఇసుక గుంట దాకా వచ్చి, చూపులేని పిల్లవాడొకడు బోర్లా పడితే "అయ్యో పాపం" అన్నాడు. "సార్, అయ్యో అనేటోళ్ళకి గేటు బయట షామియానా వేసినారు, ఆడ కూర్చోండి" అన్నాడు ఈయన. ఆ పెద్దాయన నిజంగానే షామియానా కోసం చూస్తూ గేటు దాకా వెళ్ళాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉందా, అందుకే వస్తారా అని చాలామంది ఆయనను అడిగేవాళ్ళు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఉండాల్నా?"

మొదటిసారి ఈ పనికి వచ్చినప్పుడు తాను చేసిన తప్పును మాత్రం అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. చూపులేని పిల్లల పరుగు పందెంలో అవతలి కొసన నిలబడి పిలవమన్నారట. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు కదా, "రైట్ రైట్" అని కేకేశాడట. పిల్లలు చదువుకున్నవాళ్ళు. నలుగురూ ఒక్కసారిగా కుడివైపు తిరిగి షాట్‌పుట్ వేసే చోటికి పోయారు. "దేవుడు మంచోడు, ఆ టయానికి గుండు ఎవరి చేతిలోనూ ల్యా" అని నవ్వేవాడు. నవ్వు ఆపాక ముఖం మారేది. "అప్పుడు తెలిసింది పాపా. మనం మాట్లాడేది మన చెవులకి కాదు. ఒక మాట అనుకుంటే అదే మాట. రెండో మాట నోట్లోకే రాకూడదు."

ఆయన ఎంచుకున్న మాట "దా". రమ్మని మా వైపు చంటిపిల్లలను పిలిచే మాట. పరిగెత్తి వచ్చే పిల్లకి ఎదురుగా, ఇసుక గుంటకు అవతల నిలబడి "దా, దా, దా" అని ఒకే ఎత్తులో పిలవాలి. ఆ పిల్ల ఆ గొంతును పట్టుకుని తిన్నగా వస్తుంది. పక్కకి పోతుంటే ఆపడానికి ఇంకొక మాట. అది "హోల్డాన్". బస్సెక్కిన ప్రతి మనిషికీ ఆ మాట వినగానే కాలు ఆగిపోతుందని ఆయన నమ్మకం.

ఒక ఆదివారం హిందూపురం గ్రౌండులో నాకు పిలవడం నేర్పించాడు. తువ్వాలుతో తన కళ్ళకే గంతలు కట్టుకుని యాభై అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"పిలువు."

"దా..."

"ఎవురో పిలిచినట్లుండాది. యాడ?"

"దా, దా."

ఆయన నడిచాడు. నా గొంతు తగ్గినప్పుడల్లా పక్కకి పోయాడు. నేను సిగ్గుతో చుట్టూ చూసుకుంటున్నాను. గ్రౌండులో మేమిద్దరం, రెండు మేకలు తప్ప ఎవరూ లేరు. అయినా సిగ్గే. ఆయన తిన్నగా ముళ్ళకంచెలోకి నడిచాడు. చొక్కా చిరిగింది. గంతలు తీయలేదు. "నీ మాట నాకు అందల్యా పాపా" అన్నాడు అంతే, కంచెలోనే నిలబడి. అప్పుడు అరిచాను. జీవితంలో మొదటిసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన కంచెలో నుంచి బయటపడి, నా గొంతు వెంట నడిచి వచ్చి, సరిగ్గా నా ముందు ఆగాడు.

"ఇప్పుడు హోల్డాన్ అను."

అనలేకపోయాను. నవ్వొచ్చింది. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళ మాట, ఆడపిల్లను గ్రౌండులో ఎట్లా అరుస్తాను? నోట్లోనే సన్నగా అన్నాను.

"సిగ్గుపడితే మాట ముందు స్టేజీలోనే దిగిపోతాది" అన్నాడు. నా సంచిలో నవల కనిపిస్తే బయటికి తీయించి, గోల్‌పోస్ట్ దగ్గర నిలబెట్టి, రెండు పేజీలు గట్టిగా చదివించాడు. ఎవరికీ చూపించకుండా చదువుకునే పుస్తకం అది. ఆయన దూరంగా చెట్టు కింద కూర్చుని చివరిదాకా విని, "ఆ అమ్మాయి చివరికి వాళ్ళ నాయనకి చెప్పిందా, ల్యాదా?" అని అడిగాడు. హోల్డాన్ మాత్రం ఆ రోజూ గట్టిగా అనలేదు. తరువాత అంటాలే అనుకున్నాను.

ఆ తరువాతి సంవత్సరం పోటీలు పెనుకొండలో జరిగాయి. లాంగ్‌జంప్‌లో మడకశిర వైపు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఒకటి ఉంది. పదహారేళ్ళు. ఇంట్లో కన్నడం, బళ్ళో తెలుగు. ఆ అమ్మాయికి నేనంటే ఇష్టం. అంతకు ముందు మూడు ఆదివారాలు ప్రాక్టీసులో నేనే పిలిచాను. ఆ రోజు రాష్ట్రం పోటీలకు ఎంపిక. మూడు దూకుళ్ళలో రెండు అయిపోయాయి. రెండో స్థానంలో ఉంది. ఒక్కరినే తీసుకుంటారు. అందరికంటే ఆఖరున ఆమె దూకాలి. మిగతా పిల్లలు భోజనాలకు వెళ్ళారు. పొద్దుటి నుంచి పిలుస్తున్న వాళ్ళ బడి టీచరును వీల్‌చెయిర్ పందెం దగ్గరికి రమ్మన్నారు. గుంట దగ్గర మేము ముగ్గురమే మిగిలాం. ఆయన ఇసుక దగ్గర జడ్జిగా ఉన్నాడు. జడ్జి పిలవకూడదు.

"అక్క పిలిస్తే దుంకుతా" అంది ఆ అమ్మాయి.

ఆయన నా వైపు చూశాడు. "పిలుస్తావా?"

తల ఊపాను.

"దా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి పరుగు మొదలుపెట్టింది. మొదటి ఆరడుగులు తిన్నగా వచ్చింది. తరువాత కొంచెం ఎడమకి ఒరిగింది. ఆ వైపు గుంట అంచు సిమెంటుది. ఆపాలి. ఆ మాట నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే దూరంగా వీల్‌చెయిర్ పందెం అయిపోయి కొందరు మా వైపు తిరిగారు. మగపిల్లలు కూడా ఉన్నారు. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. దాని బదులు ఇంట్లో తమ్ముణ్ణి ఆపేటప్పుడు అనే మాట వచ్చింది.

"ఆడే! ఆడ, ఆడ!"

అక్కడే, అక్కడే ఆగు అని నేను అన్నది. కన్నడంలో ఎడమకి ఎడ అంటారు. పరుగులో ఉన్న ఆ అమ్మాయి చెవికి ఎడ అనే వినిపించింది. అక్క చెప్పింది కదా అని పూర్తి వేగంతో ఇంకా ఎడమకి తిరిగింది. సిమెంటు అంచుకు కాలు తగిలిన చప్పుడు నాకు వినిపించింది.

"ఎడ అంటివి గదక్కా" అంది, ఇసుకలో పడి. ఏడుపు ఇంకా మొదలుకాలేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

ఆయన ఆమె చీలమండ పట్టుకుని కూర్చున్నాడు. జనం పరిగెత్తి వచ్చారు. నిర్వాహకుల్లో పెద్దాయన ఒకరు వచ్చి, "పిలిచిందెవరు?" అన్నారు. నేను నోరు తెరిచాను. తెరిచిన మాట నిజం. నా గొంతు వచ్చేలోపే ఆయన తల ఎత్తకుండా అన్నాడు.

"నేనే సార్."

"మీరు జడ్జి కదా?"

"మనిషి ల్యాకుంటే నేనే పిలిచినా. తప్పే."

తరువాత నా వైపు తిరిగి, "పాపా, నువ్వు పోయి నీళ్ళు తాగుపో" అన్నాడు. నేను వెళ్ళి నీళ్ళు తాగాను.

ఆసుపత్రి వరండాలో రెండోసారి అవకాశం వచ్చింది. ఆ అమ్మాయి బూట్లు పట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉన్నాను. చీలమండ ఎముక విరిగిందని చెప్పారు. వాళ్ళమ్మ ఆయనను పట్టుకుని అడుగుతోంది. "కండ్లు ల్యాని బిడ్డను నిన్ను నమ్మి పంపిస్తి గదప్పా. గొంతుండాదని అరిస్తివా? యా పక్కకి అరుస్తాండావో చూసుకోవద్దా?" ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఎక్కువ మంది ఉన్నారు, ఇప్పుడు కాదు, వాళ్ళింటికి వెళ్ళి నెమ్మదిగా చెప్దాం అనుకున్నాను. పాదం గుర్తును తాకించకుండా ఫౌల్ ఇవ్వని మనిషి ఆ సాయంత్రం రిపోర్టులో అబద్ధం రాసి సంతకం పెట్టాడు. జడ్జి అయి ఉండి పిలిచినందుకు ఆయనను డ్యూటీ లిస్టులోంచి తీసేశారు. మళ్ళీ ఏ పోటీకీ పిలవలేదు.

డిగ్రీ అయిపోయి పెనుకొండలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరాను. ధర్మవరం నుంచి రోజూ ఆ బస్సే. ఒకసారి ఆయన ముందు సీట్లో కనిపించాడు. నేను వెనక సీట్లో పుస్తకం ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. గంటకు పైగా ఒకే పేజీ. పెనుకొండ రాగానే ఆయన లేచి, వెనక్కి తిరగకుండానే, బస్సంతటికీ వినబడేట్టు "పెనుకొండ దిగేటోళ్ళు దిగొచ్చు" అన్నాడు. ఆ బస్సు కండక్టరు నవ్వాడు. దిగాల్సింది నేనూ ఒకదాన్ని. ఆయన దిగి నిలబడ్డాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. నేను దిగలేదు. తరువాతి స్టేజీ దాకా పోయి నడుచుకుంటూ వెనక్కి వచ్చాను.

ఆయన పోయిన సంగతి విన్న తరువాత వచ్చిన ఆదివారం హిందూపురం వెళ్ళాను. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడే డిగ్రీ చదువుతోంది. వాళ్ళమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనికి పోతుంది. చిన్న అద్దె ఇల్లు. ఆయన పోయిన కబురు అప్పటికే వాళ్ళకి అందింది. తలుపు దగ్గర నిలబడి పేరు పిలవగానే ఆ అమ్మాయి ముఖం ఇటు తిరిగింది.

"అక్కా, నువ్వా? దా, కూర్చో."

"మళ్ళీ దూకుతున్నావా?" అని అడిగాను.

"ల్యా అక్కా. పరుగు మాత్రం చేస్తాండా. దుంకాలంటే కాలు లేస్తాది గానీ, ఈడ లేయదు." గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

బస్సులో పాఠంలా మననం చేసుకుంటూ వచ్చిన మాటలు చెప్పాను. ఆ రోజు తప్పు నాదనీ, ఆయనది కాదనీ, చెప్పకుండా ఉండిపోయాననీ. చివరిదాకా విని నవ్వింది.

"నాకు తెలీదా అక్కా? ఆడగొంతు, మగగొంతు తెలీకుండా పోతాదా? నన్ను ఎవురన్నా అడిగితే గదా చెప్పేది. పిలిచిందెవురని అందర్నీ అడిగినారు. నన్ను మాత్రం ఎవురూ అడగల్యా."

"మరి మీ అమ్మకి?"

"జెండాల తాత వద్దన్నాడు. నెలకోసారి వస్తాండె తాత, కాలెట్ల ఉండాదని. ఆ మొదట్లో నేనే అన్నా, నేను చెప్తా తాతా, నీ డ్యూటీ నీకిస్తారు అని. వద్దన్నాడు. ఆ పాప వచ్చి చెప్పుకుంటాదిలే, మనమే చెప్పేస్తే ఆ పాపకి చెప్పుకునేదానికి ఏమీ మిగల్దు అన్నాడు. వచ్చినప్పుడల్లా అడుగుతాండె అక్కా, ఆ పాప వచ్చిందా అని."

వంటింట్లోంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. "యారే బందిరోదు?" ఎవరే వచ్చింది అని. కాఫీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను గుర్తుపట్టలేదు. ఆసుపత్రి వరండాలో తలుపు పక్కన నిలబడ్డ మనిషిని ఎవరు గుర్తు పెట్టుకుంటారు?

"ఎవురమ్మా నువ్వు? కాలేజీలో ఫ్రెండా?" అంది తెలుగులోకి మారి.

ఆ అమ్మాయి చెప్పలేదు. నా వైపు ముఖం తిప్పింది.

"ఆ రోజు పెనుకొండలో పిలిచింది నేనేనమ్మా" అన్నాను. "ఆయన కాదు."

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు తల ఊపింది. వాళ్ళమ్మ కింద కూర్చుంది.

"ఆయప్ప అంత దూరం నుంచి వస్తాండె" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "ఎండన పడి వస్తాండె. వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపిస్తాంటి. ఒక్క దినమన్నా నీళ్ళు కావాల్నా అని అడగల్యా నేను."

నాకోసం తెచ్చిన కాఫీ గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.